చుట్టాల సీసా

మా గోదావరి వాళ్ళ మర్యాద గురించి ఎవరైనా మెచ్చుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మెచ్చుకునేవాళ్ళు ఎప్పుడూ ఆ మర్యాద పుచ్చుకుని వెళ్ళినవాళ్ళే. వాళ్ళు కూర్చుని కాఫీ తాగుతుంటే లోపల ఎవరి పని ఆగిపోయిందో, ఎవరి పొయ్యి మీద ఏం మాడిపోయిందో వాళ్ళకి తెలియదు. కొవ్వూరులో మా ఇంట్లో గుమ్మం ఎక్కినవాడు పగవాడైనా సరే, ముందు మంచినీళ్ళు, తరవాతే మాట. నేనూ ఆ ఇంట్లో పెరిగినదాన్నే. కాబట్టి నా కోపం బయటినుంచి చూసేవాళ్ళ కోపం కాదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మా రెండు జిల్లాల్లోనూ బయోటెక్నాలజీ అన్న మాట పట్టుకుని కాలేజీలు వానాకాలం కప్పల్లా బయల్దేరాయి. రాజమండ్రిలో అలాంటి ఒక కాలేజీలో నేను లెక్చరర్ని. పేరుకి లెక్చరర్ని గానీ నా ప్రాణమంతా పీహెచ్‌డీ మీద ఉండేది. మా గైడు మేడం విశాఖపట్నంలో ఉండేవారు. ఆవిడకి వచ్చిన ప్రాజెక్టులో ఒక ముక్క నాది. దాన్ని మా కాలేజీ ల్యాబులోనే చేసుకోవచ్చని అనుమతి ఇచ్చారు. రోజూ కొవ్వూరులో బస్సెక్కి, వంతెన దాటి, ఆ ల్యాబులో పడేదాన్ని.

చేసే పని ఏమిటో చెబుతాను. టైగర్ రొయ్యకి తెల్లమచ్చ జబ్బు వస్తే చెరువుకి చెరువే పోతుంది. అది వైరస్ వల్ల వస్తుంది. ఆ వైరస్ పైపొరలో ఒక ప్రోటీన్ ఉంది. దాని జన్యువుని తెచ్చి మామూలు బాక్టీరియాలో పెడితే, ఆ బాక్టీరియా మనకోసం ఆ ప్రోటీన్ తయారుచేసి పెడుతుంది. దాన్ని కుందేళ్ళకి సూదిమందుగా ఇస్తే వాటి రక్తంలో దాన్ని గుర్తుపట్టే పదార్థం పుడుతుంది. ఆ పదార్థంతో చిన్న కాగితం పట్టీ చెయ్యాలని మా ఆశ. రైతు చెరువు గట్టు మీద నిలబడి రొయ్య కాలు కాసిని నీళ్ళల్లో నలిపి అందులో పట్టీ ముంచితే, గీత పడిందా లేదా చూసుకోవచ్చు. గీత పడితే రొయ్యలు చావకముందే వల లాగి పట్టుబడి చేసి అమ్ముకోవచ్చు. ల్యాబుకి పట్టుకెళ్ళి రోజులకి రోజులు ఎదురుచూసేలోపు చెరువు ఖాళీ అయిపోయిన రైతులు మా వైపు ఎంతమందో.

చిక్కేమిటంటే బాక్టీరియాని పగలగొడితే మన ప్రోటీన్ ఒక్కటే రాదు. దాని సొంత ప్రోటీన్లు వేల రకాలు కలిసి గంజిలా వస్తాయి. అందులోంచి మనది ఒక్కదాన్నే బయటికి లాగాలి. పెద్ద ఊళ్ళల్లో దీనికి ఖరీదైన గొట్టాలూ, చలిగదులూ, రాత్రింబవళ్ళు తిరిగే యంత్రాలూ ఉంటాయి. మాకు కరెంటు వాళ్ళ దయ. అందుకని మేడం నాకు అయస్కాంతం దారి చూపించారు. జన్యువులోనే మన ప్రోటీన్‌కి చిన్న తోక తగిలిస్తారు. ఆ తోకని నికెల్ పట్టుకుంటుంది. ఆ నికెల్‌ని ఇనుము రేణువుల మీద అతికించాలి. రేణువులంటే కంటికి ఆనేవి కావు. నీళ్ళల్లో కలిపితే కాటుక కలిపినట్టు నల్లగా ఉంటుంది, అంతే. వాటిని ఆ గంజిలో వేసి, కాసేపు కలిపి, సీసా పక్కన అయస్కాంతం పెడితే నలుపంతా ఒక గోడకి చేరిపోతుంది. దానితోపాటే మన ప్రోటీనూ వచ్చేస్తుంది. మిగిలింది పారబోసి, కడిగి, తరవాత ఒక మందు నీళ్ళు పోస్తే రేణువులు ప్రోటీన్‌ని వదిలేస్తాయి.

చెప్పడానికి ఇంతే. ఆ రేణువులు చెయ్యడానికి నేను పడ్డ పాట్లు పగవాళ్ళకి వద్దు. రెండు రకాల ఇనుము లవణాలు కలిపి అమ్మోనియా పోస్తే నల్లగా మారాలి. మాకు ఎన్నోసార్లు తుప్పు రంగే వచ్చింది. కాస్త గాలి ఎక్కువ తగిలినా తుప్పే. కళ్ళు మండేవి, గొంతు మండేది. అయస్కాంతం కూడా కంపెనీది కాదు. మెయిన్ రోడ్డు పక్క సందులో మైకుసెట్లు బాగుచేసే షాపుంటే, కాలిపోయిన స్పీకరులోంచి ఊడదీయించుకుని తెచ్చుకున్నాను. చివరికి ఒక వేసవిలో, కాటుకలాంటి మంచి రేణువులు ఒకే ఒక్క విడత కుదిరాయి. ఆ రోజు ల్యాబులో ఒక్కదాన్నే నిలబడి నవ్వుకున్నాను.

ఆ నవ్వు ఎంతోకాలం నిలవలేదు. కాలేజీ కరస్పాండెంట్ గారి కన్ను నా ల్యాబు మీద పడింది.

ఆయనది భీమవరం వైపు. రొయ్యల చెరువులు, కొబ్బరి తోటలు, ఒక రైసు మిల్లు, ఆ మీదట ఈ కాలేజీ. మనిషి చెడ్డవారని ఎవరూ అనలేరు, నేనూ అనను. అదే నా బాధ. చెడ్డవారైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని. ఆయన గొంతు పెంచి ఎరగరు. అటెండర్ని కూడా "బాబూ" అనే పిలిచేవారు. అమ్మోనియా వాసన వరండా దాకా వస్తోందని ఎవరో చెబితే కనుక్కోడానికి వచ్చారు. నేను సీసా పక్కన అయస్కాంతం పెట్టి ఉన్నాను. ఆయన కళ్ళ ముందే నల్ల నీళ్ళు తేటపడ్డాయి.

"అమ్మా, అమ్మా, మళ్ళీ ఒక్కసారి," అన్నారు.

అయస్కాంతం తీసి, సీసా కదిపి, మళ్ళీ పెట్టాను. ఆయన చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు. వాసన సంగతి మరిచిపోయారు.

మర్నాటినుంచి నాకు చుట్టాలు మొదలయ్యారు. ఆయన గదికి ఎవరొచ్చినా సరే, కాఫీ అవగానే నా ల్యాబుకి తీసుకొచ్చేవారు. పిల్లల్ని చేర్పించడానికొచ్చిన తల్లిదండ్రులు, బ్యాంకు మేనేజరు, కొబ్బరి వర్తకులు, చెరువుల్లో గాలి కొట్టే ఏరియేటర్లు అమ్మే ఏజెంట్లు. నేను ఏ పనిలో ఉన్నా లేచి నిలబడాలి, నవ్వాలి, సీసా పట్టుకోవాలి. "ఇంటికొచ్చినవాళ్ళమ్మా, చూపించకుండా ఎలా పంపిస్తాం?" అనేవారు. అది ఇల్లు కాదు, ల్యాబు అని చెప్పాలని నా నాలుక మీద ఆడేది. ఆయన "అమ్మా" అన్నాక ఇంక ఏమంటాం? నోటికి బెల్లం రాసి గొంతు పట్టుకోవడమంటే అదే.

ఆ ప్రశ్నలు తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. బంగారాన్ని కూడా లాగుతుందా అని ఒకరు. మోకాళ్ళ నొప్పులకి అయస్కాంతం మంచిదటగా, ఈ నీళ్ళు రాసుకోవచ్చా అని ఇంకొకరు. ఆ రోజుల్లో అయస్కాంతం పట్టీలు, అయస్కాంతం నీళ్ళు ఊరంతా ఒక పిచ్చి. అమ్మాయికి పెళ్ళయిందా అని అందరూ. ఆ నల్ల రేణువులు పట్టుకున్నదేమిటి, దాన్ని ఏం చేస్తారు అని అడిగిన ఒక్క మనిషీ నాకు గుర్తులేడు. అందరికీ నలుపు గోడకి చేరడమే కావాలి. తేటపడ్డ నీళ్ళు చూసి ఆహా అనడం, వెళ్ళిపోవడం.

ఒక్క విషయం ఒప్పుకోవాలి. వివరం ఆయనే చెప్పేవారు, నాకన్నా బాగా చెప్పేవారు. "వంతెన మీద రైలు వెళ్తుంటే అందరూ గోదాట్లో బిళ్ళలేస్తారు కదండీ. కింద పడవలో వాళ్ళు తాడుకి అయస్కాంతం కట్టి ఆ బిళ్ళలు ఏరతారు చూశారూ? ఇదీ అంతేనండి. ఆ బురదలోంచి మనక్కావలసిన బిళ్ళ ఒక్కటీ పైకొస్తుంది. దీంతో రొయ్యల జబ్బు ఇట్టే చెప్పేస్తుందండి మా అమ్మాయి." మొదటి ముక్క అక్షరాలా నిజం. నా క్లాసులో నేనూ అదే చెప్పడం మొదలుపెట్టాను. చివరి ముక్క అబద్ధం. జబ్బు చెప్పే పట్టీ ఇంకా పుట్టలేదు. పుట్టలేదని ఆయనకి ఎన్నిసార్లు చెప్పానో! "అదే లెండమ్మా, పుడుతుంది కదా," అనేవారు.

కదిపిన ప్రతిసారీ, చేతులు మారిన ప్రతిసారీ నా ప్రోటీన్ పాడవుతోంది. చలిలో ఉండవలసిన వస్తువది. రాజమండ్రి ఎండలో బల్ల మీద అరగంట కూర్చుంటే దానికి ప్రాణం ఉంటుందా? అందుకని నేనొక ఉపాయం చేశాను. ఒక పొడుగాటి గాజుసీసాలో, పాత విడతల్లో నల్లగానే వచ్చినా మరీ బరకగా తేలి పనికిరాకుండా పోయిన రేణువులు పోసి బిరడా పెట్టాను. అందులో ప్రోటీన్ లేదు, నికెల్ లేదు, ఏమీ లేదు. అయస్కాంతం పెడితే మాత్రం నలుపు చక్కగా గోడకి చేరుతుంది. అటెండర్ దానికి చుట్టాల సీసా అని పేరు పెట్టాడు. కిటికీ పక్క అలమరలో ఉండేది. నా అసలు పని ఫ్రిజ్‌లో చిన్న గొట్టంలో ఉండేది.

కరస్పాండెంట్ గారికి రెండూ చూపించి మరీ చెప్పాను. "ఇది అందరికీ చూపించడానికండి. మీరే చూపించుకోవచ్చు, నేను లేకపోయినా ఫరవాలేదు. ఫ్రిజ్‌లోది మాత్రం అసలుదండి. దాన్ని ముట్టుకోవద్దు."

"ఆయ్, అలాగేనమ్మా. అసలుది ఫ్రిజ్‌లోది," అని బుద్ధిగా తలూపారు.

ఎంత హాయిగా అనిపించిందో! నెల్లాళ్ళు చుట్టాలంతా ఆ సీసాతోనే తృప్తి పడ్డారు. నా పని సాగింది. మే నెలలో, బాక్టీరియా బాగా పెరిగి, గంజి బాగా వచ్చి, నా మంచి రేణువులు ప్రోటీన్‌ని పుష్కలంగా పట్టుకున్నాయి. మేడంకి ఫోన్ చేస్తే యూనివర్సిటీ జంతుశాలలో కుందేళ్ళని సోమవారం మధ్యాహ్నం నాకోసం కేటాయించారని చెప్పారు. "ఆ రోజు తప్పితే అవి ఇంకొకరివి. జూన్ ఆఖరుకి ప్రాజెక్టు అయిపోతోంది, మళ్ళీ నా చేతిలో ఏమీ ఉండదు," అన్నారు. ఆ ప్రోటీన్‌కి ఒక జబ్బుంది. రేణువుల్ని పట్టుకుని ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది. విడిపించి ఉంచితే పూటలోనే గడ్డకట్టి విరిగిపోతుంది. అందుకని శనివారం శుభ్రంగా కడిగి, రేణువులతోనే ఫ్రిజ్‌లో పెట్టాను. సోమవారం పొద్దున్నే విడిపించి, ఐసు డబ్బాలో పెట్టుకుని రైలెక్కేద్దామని నా లెక్క. ఆదివారం ఇంట్లో తలంటు పోసుకుని, మర్నాడు కట్టుకునే చీర ఇస్త్రీ చేసుకున్నాను. పెళ్ళికి వెళ్ళేదానిలా తయారయ్యానని మా అమ్మ వెక్కిరించింది కూడా.

సోమవారం ల్యాబు తలుపు తియ్యగానే మిఠాయి వాసన కొట్టింది. బల్ల మీద కాగితం ప్లేట్లు, వాటిలో మిగిలిన కాజా ముక్కలు. వాటి పక్కన నా చిన్న గొట్టం, మూత లేకుండా. అందులో తేట నీళ్ళు. దాని పక్కన నా స్పీకరు అయస్కాంతం. దాని చుట్టూ నల్లటి నూగు ఎండిపోయి పట్టుకుని ఉంది. ఒక సాసరు అడుగున నల్లటి మరక. ఎవరిదో చేతిరుమాలు, నలుపు తుడిచినది, మడత పెట్టి మరీ పెట్టారు.

అయస్కాంతాన్ని గాజు బయటే ఉంచాలి. తిన్నగా ముంచితే అంత సన్నటి రేణువులు మళ్ళీ దాన్ని వదలవు. వదిలినా ఏం లాభం? ఆదివారం పగలంతా, రాత్రంతా, ఆ మూసిన గదిలో, ఆ ఉక్కలో.

అలమరలో చుట్టాల సీసా పెట్టినచోటే ఉంది. బిరడా కూడా తియ్యలేదు.

అటెండర్‌ని పిలిచి అడిగాను.

"ఆయ్, నిన్న అయ్యగారు వియ్యాలవార్ని తీసుకొచ్చారండి. రెండో పాపగారికి సంబంధం కుదిరింది కదండీ. రావులపాలెం వైపు అరటి తోటలవాళ్ళండి, చాలా పెద్దమనుషులు," అన్నాడు. "నేను ఈ సీసా తీసిచ్చానండి. అయ్యగారే వద్దన్నారు."

ఎందుకు వద్దన్నారో నాకు అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పడానికి ఆయనే వచ్చారు. మొహం వెలిగిపోతోంది.

"అమ్మా, నిన్న మీ పేరు నిలబెట్టానమ్మా! అందరూ ఎంత మెచ్చుకున్నారనుకున్నారు! పెద్దాయన స్వయంగా సాసర్లో పోయించుకుని, అయస్కాంతం పట్టుకుని మరీ చూశారు."

"అసలుది ముట్టుకోవద్దని చెప్పానుగదండీ!" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"అందుకేగదమ్మా! మీరు చెప్పబట్టే ఏది అసలుదో తెలిసింది. వచ్చేపోయేవాళ్ళకంటే ఆ సీసా చాలు. వియ్యాలవారికి డూప్లికేటు చూపిస్తామా ఏంటి? రేపు తెలిస్తే మర్యాదగా ఉంటుందా?"

నేను అరిచాను. బతుకులో ఒక పెద్దాయన మీద అంతకుముందు ఎప్పుడూ అలా అరవలేదు. సంవత్సరం పని పోయిందని, కుందేళ్ళు వెళ్ళిపోతాయని, నా థీసిస్ మునిగిపోయిందని, మీ వియ్యాలవారి సరదాకి నా బతుకు సాసర్లో పోశారని. అటెండర్ గుమ్మంలో కొయ్యబారిపోయాడు. వరండాలో పిల్లలు ఆగిపోయారు. ఆయన మాత్రం నొచ్చుకోలేదు. నావైపు ఎంతో జాలిగా చూశారు.

"ఎండకి వేడి చేసినట్టుందమ్మా. బాబూ, అమ్మాయికో కొబ్బరిబొండాం కొట్టించి పట్రా," అన్నారు.

బొండాం వచ్చింది. దాన్ని ముట్టుకోలేదు. నేను ఏడ్చింది పోయిన ప్రోటీన్ కోసం కాదు, ఆ బొండాం చూసి. తిట్టినా నష్టం వినిపించని మనిషిని ఏం చేస్తాం? ఆయన దృష్టిలో ఆయన నాకు ఉపకారమే చేశారు. ఉన్నదాంట్లో మంచిది తీసి చుట్టానికి పెట్టారు. మా అమ్మమ్మ కూడా అలాగే చేసేది, బీరువాలో దాచిన కొత్త దుప్పటి తీసి వచ్చినవాళ్ళకి పరిచేది. అమ్మమ్మ తన దుప్పటి పరిచింది. ఆయన నాది పరిచారు. ఈ తేడా ఆ చదువుకున్న పెద్దమనిషికి తట్టకపోవడమే నాకు మింగుడుపడలేదు, ఇప్పటికీ పడదు.

విశాఖకి ఫోన్ చేశాను. కుందేళ్ళు వేరే స్కాలర్‌కి వెళ్ళిపోయాయి. మళ్ళీ రేణువులు చెయ్యబోతే మూడు విడతలూ తుప్పే. మంచిది కుదిరేసరికి జూన్ అయిపోయింది, దానితో ప్రాజెక్టూ అయిపోయింది. తరవాత నా థీసిస్‌కి మేడం ఎలాగో దారి చూపించారు. రేణువులు ఎలా చెయ్యాలి, ప్రోటీన్‌ని ఎలా పట్టాలి అన్నంతవరకే రాసి పట్టా తెచ్చుకున్నాను. పట్టీ అన్న మాట అందులో చివరి పేజీలో, ముందుముందు చెయ్యదగ్గ పని కింద ఒక వాక్యం. పట్టా వచ్చినరోజు కరస్పాండెంట్ గారు కాలేజీ అంతటికీ పూతరేకులు పంచారు.

పట్టా వచ్చినా నేను ఆ కాలేజీలోనే ఉండిపోయాను. కొవ్వూరుకి దగ్గర, మరో చోట ఉద్యోగం లేదు. చుట్టాలు వస్తూనే ఉన్నారు. ఆ సీసా చూపించడం అటెండర్ నేర్చుకున్నాడు. "రొయ్యల జబ్బు ఇట్టే చెప్పేస్తుందండి" అన్న ముక్కతో సహా అప్పగించేవాడు.

వానలు వెనకపట్టాక ఒకరోజు పొద్దున్నే కరస్పాండెంట్ గారు ల్యాబుకి వచ్చారు. వెంట చుట్టాలు లేరు. పంచె అంచుకి బురద ఉంది. చేతిలో పాలిథిన్ కవరు, అందులో నీళ్ళు, నీళ్ళల్లో నాలుగైదు రొయ్యలు.

"అమ్మా, రాత్రినుంచి గట్టు పక్కకి వచ్చేస్తున్నాయమ్మా. మేత ముట్టట్లేదు. భీమవరంలో ఇస్తే ఎల్లుండి చెబుతామంటున్నారు. ఎల్లుండికి ఏం మిగుల్తాయి? ఆ జబ్బేనో కాదో మీరు ఒక్కసారి చూసి చెప్పండమ్మా. పక్క చెరువులన్నీ కౌలు రైతులవి. నీళ్ళు ఒకే కాలవలోవి. ఇప్పుడు తెలిస్తే అందరం సాయంత్రానికి పట్టుబడి చేసేసుకుంటాం."

"దేంతో చూడమంటారండీ?" అన్నాను.

"అదేనమ్మా, మీ అయస్కాంతంతో."

ఆయన మొహంలోకి చూశాను. నిజంగానే అడుగుతున్నారు. ఇన్నాళ్ళూ పదిమందికీ చెప్పి చెప్పి, ఆ పట్టీ ఎక్కడో నా అలమరలో ఉందనే నమ్మారు. నాకు జాలి వేసింది. ఆ కౌలు రైతులెవరో నాకు తెలియదు గానీ వాళ్ళని తలుచుకుంటే ఇంకా జాలి వేసింది. కోపం మాత్రం పోలేదు. పోకపోగా, ఆ మే నెల సోమవారం ఎంత మండిందో అంతా మళ్ళీ మండింది.

అలమర తీసి, గాజుసీసా తెచ్చి బల్ల మీద పెట్టాను. పక్కన అయస్కాంతం పెట్టాను. నలుపు మెల్లిగా గోడకి చేరింది, నీళ్ళు తేటపడ్డాయి. ఆయన ఆత్రంగా వంగి చూస్తున్నారు.

"ఇది చుట్టాల సీసా అండి. ఇది ఏ జబ్బూ చెప్పదు. చెప్పే పట్టీ దేంట్లోంచి పుట్టాలో దాన్ని మీ వియ్యాలవారు చూసేశారు," అన్నాను.

ఆయన సీసాకేసి చూస్తూ ఉండిపోయారు. ఈసారి అమ్మా అనలేదు. కవరు ఎక్కడో చిరిగినట్టుంది, నీళ్ళు చుక్కలు చుక్కలుగా ల్యాబు గచ్చు మీద పడుతున్నాయి. ఆయన పెదవులు ఎండిపోయి ఉన్నాయి. భీమవరం దగ్గర్నుంచి ఏమీ తాగకుండా వచ్చి ఉంటారు. కూజా నా వెనకే ఉంది. మంచినీళ్ళు పుచ్చుకోండి అన్న మాట అలవాటుకొద్దీ నా నోటిదాకా వచ్చింది.

అనలేదు.